ఏళ్ల తర్వాత మళ్లీ టెక్సాన్ ఎక్కుతున్నారా? ముందు కాళ్లకు పని చెప్పండి

జెట్లను వేల గంటలు నడిపినవారికి రెండో ప్రపంచ యుద్ధ కాలపు శిక్షణ విమానం టీ-6 టెక్సాన్ తేలిగ్గా కనిపిస్తుంది. ఒకప్పుడు దాని మీదే నేర్చుకుని ఉంటే మరీనూ. చేతులకు పాత పని తొందరగానే గుర్తొస్తుంది, కాళ్లకు మాత్రం అంత తొందరగా రాదు. ముక్కుచక్రం ఉన్న విమానం నేల మీద కాస్త పక్కకు తిరిగినా తనంతట తాను సర్దుకుంటుంది. టెక్సాన్‌ది తోకచక్రం. బరువు కేంద్రం ప్రధాన చక్రాలకు వెనక ఉంటుంది కాబట్టి, తిరగడం మొదలైతే ఇంకా తిరుగుతుంది. అదే గ్రౌండ్ లూప్.

అమెరికాలో అయితే, 1991 ఏప్రిల్ 15కు ముందే తోకచక్రం విమానాన్ని పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే బాధ్యత తనదే అయిన పైలట్‌గా నడిపినట్టు లాగ్‌బుక్‌లో ఉన్నవారికి టెయిల్‌వీల్ ఎండార్స్‌మెంట్, అంటే తోకచక్రం విమానానికి శిక్షకుడు రాసిచ్చే అనుమతి, అక్కర్లేదు. గత 24 నెలల్లో శిక్షకుడితో ఫ్లైట్ రివ్యూ మాత్రం అయి ఉండాలి. ప్రయాణికుణ్ణి ఎక్కించుకోవాలంటే గత 90 రోజుల్లో 3 టేకాఫ్‌లు, పూర్తిగా ఆగిన 3 ల్యాండింగ్‌లు ఉండాలి. చక్రాలు తాకించి ఆగకుండా మళ్లీ లేచే టచ్ అండ్ గోలు లెక్కలోకి రావు. ఎండార్స్‌మెంట్ మినహాయింపు ఉందని శిక్షకుణ్ణి వదిలేస్తే అంతకన్నా పొరపాటు లేదు.

ఎక్కేముందు జేబులు ఖాళీ చేయండి. కాక్‌పిట్‌కి నేల ఉండదు, పాదాలు పెట్టే గాడులే ఉంటాయి. జారిన పెన్ను విమానం పొట్టలోకి పోయి కంట్రోల్ కేబుళ్ల దగ్గర తేలుతుంది.

ఇంజన్ 9 సిలిండర్ల ప్రాట్ అండ్ విట్నీ ఆర్-1340, 600 హార్స్‌పవర్. ఇది సిలిండర్లు చుట్టూ వలయంగా ఉండే రేడియల్ ఇంజన్. నిలిపి ఉంచినప్పుడు ఆయిల్ కింది సిలిండర్లలోకి దిగుతుంది. అలాగే స్టార్ట్ చేస్తే పిస్టన్ ఆ ఆయిల్‌ని నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అందుకే స్పార్క్ ఇచ్చే మాగ్నెటో స్విచ్ ఆఫ్‌లో ఉందని రెండుసార్లు చూసి, ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పాలి. రెండు రెక్కల ప్రొపెల్లర్‌కి 4 రెక్కలు దాటితే, అంటే రెండు చుట్లు తిరిగితే, ఇంజన్‌కి ఒక పూర్తి ఆవృత్తి. 8 దాటిస్తే మనసు నిమ్మళం. మధ్యలో గట్టిగా ఆగితే బలం పెట్టకండి, వెనక్కి అసలే తిప్పకండి. వెనక్కి తిప్పితే ఆయిల్ ఇన్‌టేక్ పైపులోకి వెళ్లి, స్టార్ట్ కాగానే మళ్లీ సిలిండర్‌లోకి వస్తుంది. అలా ఆగితే కింది సిలిండర్ల స్పార్క్ ప్లగ్‌లు విప్పి ఆయిల్ కారనివ్వడమే దారి.

స్టార్ట్‌కి ప్రొపెల్లర్ లివర్ వెనక్కి, అంటే తక్కువ ఆర్‌పీఎం వైపు ఉండాలి. కొత్త విమానాల అలవాటుతో చెయ్యి దాన్ని ముందుకు తోయబోతుంది. ఆయిల్ ప్రెషర్ 30 సెకన్లలో రాకపోతే ఆపేయండి. ప్రెషర్ నిలకడగా ఉన్నాకే లివర్ ముందుకు. ఆయిల్ 40 డిగ్రీల సెల్సియస్ చేరేదాకా ఓపిక పట్టాలి. చల్లని ఇంజన్ మీద థ్రాటిల్ తోస్తే బేరింగులకు దెబ్బ.

టాక్సీలో ముక్కు దారిని మూసేస్తుంది కాబట్టి పాములా వంకరగా వెళ్లండి.

టేకాఫ్‌కి మానిఫోల్డ్ ప్రెషర్ (ఇంజన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి) 36 అంగుళాలు, 2250 ఆర్‌పీఎం. థ్రాటిల్‌ని ఒక్కసారిగా కాకుండా, నెమ్మదిగా లెక్కపెట్టినట్టు తోయండి. ముక్కు ఎడమకు లాగుతుంది. తోక లేపినప్పుడు గైరోస్కోపిక్ ప్రభావంతో ఇంకాస్త లాగుతుంది. కుడి రడ్డర్ (ముక్కును పక్కకు తిప్పే తోక పలక) పెడల్ ముందే సిద్ధంగా ఉండాలి, తిరిగాక తొక్కితే ఆలస్యమే. గాల్లో పవర్ పెంచేటప్పుడు ముందు ఆర్‌పీఎం, తర్వాత థ్రాటిల్. తగ్గించేటప్పుడు ముందు థ్రాటిల్, తర్వాత ఆర్‌పీఎం. దిగేటప్పుడు థ్రాటిల్ పూర్తిగా మూసి ప్రొపెల్లర్ చేత ఇంజన్‌ను తిప్పించకండి.

మొదటి సర్క్యూట్‌లకు, అంటే లేచి రన్‌వే చుట్టి దిగే చక్కర్లకు, గాలి రన్‌వేకి సూటిగా వీచే రోజును ఎంచుకోండి. అడ్డగాలి తర్వాత నేర్చుకోవచ్చు. మూడు చక్రాలూ ఒకేసారి తాకించాక స్టిక్‌ని పొట్టకు ఆనించి అక్కడే పట్టుకోండి. అసలు పరీక్ష అప్పుడే మొదలు. వేగం తగ్గేకొద్దీ రడ్డర్‌కి గాలి చాలదు, దాని పని సున్నితమైన బ్రేక్ చేయాలి. చాలామంది ల్యాండింగ్ బాగా అయిందని కాళ్లు సడలించేది సరిగ్గా ఇక్కడే. చక్రాలకు చెక్కలు పడేదాకా పాదాలు పెడల్ మీదే ఉంచండి.