జీతం సగమైనప్పుడు ఇల్లు నడిపిన లెక్క

నేను లెక్కల టీచర్ని. హైదరాబాద్ నిజాంపేటలో ఉంటాం, సొంతూరు తెనాలి. బడిలో పిల్లలకు వడ్డీ లెక్కలు చెబుతూ, ఇంట్లో క్రెడిట్ కార్డు మీద నెలకెంత వడ్డీ కడుతున్నామో మాత్రం ఏనాడూ వేసి చూసుకోలేదు. ఇది ముందే ఒప్పుకుంటున్నాను. కింద రాసిందంతా తెలివితో చేసినది కాదు, గత్యంతరం లేక చేసినది.

2020 మార్చి నెలాఖర్లో లాక్‌డౌన్ పెట్టారు. ఏప్రిల్లో మా స్కూలు సగం జీతం ఇచ్చింది, జూన్ నుంచి అదీ లేదు. మా ఆయనది ట్రావెల్స్ ఆఫీసులో ఉద్యోగం. ఊళ్లు తిరిగేవాళ్లే లేకపోతే ఆయనకు జీతం ఎక్కణ్ణుంచి వస్తుంది? యాభై వేలు ముప్పై వేలయింది. ఇద్దరిదీ కలిపి 78,000 వచ్చే ఇంట్లోకి 30,000 రావడం మొదలైంది. 2021 ఏప్రిల్లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. ఆ బియ్యం కోసం రేషన్ షాపు దగ్గర నిలబడితే, నా పాత స్టూడెంటు వాళ్ల నాన్న ఎదురొచ్చాడు. చున్నీ ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. మాస్కు ఉందన్న సంగతి తర్వాత గుర్తొచ్చింది.

అందరిలాగే నేనూ మొదట పాల దగ్గర మొదలుపెట్టాను. లీటరున్నర లీటరయ్యాయి. రెండో రోజుకే ఇంట్లో నలుగురూ నా మీద కారాలు మిరియాలు నూరుతున్నారు. అత్తయ్యకు రెండో కాఫీ లేదు, పిల్లాడికి పెరుగు చాలదు. ఇంతా చేస్తే నెలకు మిగిలింది 750. మూడు వారాలు పోట్లాడుకున్నాక పాలు మళ్లీ లీటరున్నర చేసి, నోట్‌బుక్ ముందేసుకుని కూర్చున్నాను. మీరు పాల జోలికి పోకుండా నేరుగా నోట్‌బుక్ దగ్గర మొదలుపెట్టండి.

ఊహించి రాయొద్దు. మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, ఫోన్లో యూపీఐ చెల్లింపుల చిట్టా తీసి, చూసి రాయండి. మన ఊహ ఎప్పుడూ మనకు అనుకూలంగానే ఉంటుంది. బయటి తిండి నెలకు రెండు వేలు దాటదని మా ఆయన బల్లగుద్ది చెప్పారు. స్టేట్‌మెంటులో 4,700 తేలింది. గొడవ పడటం అనవసరం, ఆ కాగితం చూపిస్తే చాలు. ఏడాదికోసారి వచ్చేవాటినీ మర్చిపోవద్దు. స్కూలు ఫీజు, ఇన్సూరెన్సు, సంక్రాంతికి ఊరు, బండి రిపేరు... అన్నీ కలిపి పన్నెండుతో భాగిస్తే వచ్చేది కూడా నెల ఖర్చే. మాకది 6,200 వచ్చింది. ఎంత పొదుపు చేసినా జనవరిలో, జూన్‌లో ఎందుకు అప్పు చేస్తున్నామో ఆ అంకె చూశాకే అర్థమైంది.

ఇప్పుడు ఆ ఖర్చుల్ని రెండు రకాలుగా విడదీయండి. ఒకసారి సంతకం పెడితే నెలనెలా దానంతట అదే పోయేవి ఒకవైపు: అద్దె, ఈఎంఐలు, కార్డు బాకీ. రోజూ మనసు చంపుకుంటే తప్ప మిగలనివి ఇంకోవైపు: పాలు, కూరలు, కాఫీ. మొదటి రకంలో కష్టం ఒక్కసారే. రెండో రకంలో ప్రతి పూటా పోరాటమే, అందుకే ఎవరూ మూడు నెలలు మించి నిలబడలేరు.

మాకు అద్దె 19,000, మెయింటెనెన్సు 2,500. ముందు ఓనరుగారిని తగ్గించమని అడిగాం. వెయ్యి తగ్గిస్తామన్నారు. అదే కాలనీ వెనక వీధిలో లిఫ్టు, వాచ్‌మన్ లేని ఇంటి మొదటి అంతస్తు 12,500కి దొరికింది. సామాన్లు మార్చడానికి 7,000 అయింది, మొదటి నెలలోనే వెనక్కొచ్చింది. నెలకు మిగిలింది 9,000. కట్ట పది రూపాయల చొప్పున 900 కొత్తిమీర కట్టలు! ఇల్లు మారేముందు ఒక్కటి చూసుకోండి: అద్దె తక్కువని దూరం వెళితే స్కూలు బస్సు, పెట్రోలు దాన్ని తినేస్తాయి.

తర్వాత కారు. ఈఎంఐ 9,800, ఇంకా రెండేళ్లు కట్టాలి. అమ్మితే లోను తీరి 40,000 చేతికొచ్చింది. మా ఆయన వారం రోజులు సరిగ్గా మాట్లాడలేదు. దాని గురించి ఇంతకంటే రాయను.

ఇక కార్డు. 64,000 బాకీ ఉంటే, బిల్లులో 'కనీస చెల్లింపు' అని ఉండే 3,200 మాత్రం కట్టి, బాకీ తీరుస్తున్నామనుకునేవాళ్లం. నెలకు మూడున్నర శాతం లెక్కన వడ్డీయే 2,240. దాని మీద 18 శాతం జీఎస్టీ, ఇంకో 403. అంటే 3,200 కడితే అసలులో తగ్గింది 557! ఊళ్లో వడ్డీ వ్యాపారి నూటికి రెండు రూపాయలంటేనే శాపనార్థాలు పెడతాం, ఇక్కడేమో మూడున్నర రూపాయల వడ్డీ నవ్వుతూ కట్టాం. నా గాజులు రెండు బ్యాంకులో కుదువపెట్టి ముప్పావలా వడ్డీకి తెచ్చి, కార్డు మొత్తం ఒకేసారి కట్టేశాను. వడ్డీ నెలకు 480కి దిగింది. బంగారం బీరువాలో పెట్టుకుని కార్డుకు వడ్డీ కట్టేవాళ్లు ఈ లెక్క మీ అంకెలతో వేసి చూడండి. కుదువపెట్టాక మాత్రం కార్డు మళ్లీ గీకకూడదు. నేను దాన్ని అత్తయ్య దేవుడి గూట్లో, పసుపు డబ్బా వెనక పెట్టించాను.

ఆదా చేయాలని చేసిన తెలివితక్కువ పనులు కూడా చెప్పాలి. పిల్లాడికి చవక బూట్లు కొంటే ఏడాదిలో మూడు జతలు పోయాయి. పనిమనిషిని మాన్పించాను, రెండు నెలలకు నా నడుము పట్టేసింది. ఆవిడ ఇల్లు ఎలా గడుస్తుందో అప్పుడు ఆలోచించనే లేదు. ఇంకోటి తృటిలో తప్పింది. ఆరోగ్య బీమా ప్రీమియం 18,000 ఈ ఏడాదికి మానేద్దామనుకున్నాం. గడువు, దాని తర్వాత ఇచ్చే అదనపు రోజులు కూడా దాటిపోతే పాలసీ కొత్తగా తీసుకోవాలి. పాత జబ్బులకు వెయిటింగ్ పీరియడ్, అంటే బీమా వర్తించేదాకా ఆగాల్సిన కాలం, మళ్లీ మొదటికొస్తుంది. షుగరున్న అత్తయ్యను పెట్టుకుని ఆ పని చేయబోయాం. నా చెవి కమ్మలు అమ్మినా సరే అది కట్టాలని కూర్చున్నాను.

మందుల ఖర్చు తగ్గించే దారి వేరే ఉంది. అత్తయ్య బీపీ, షుగరు బిళ్లలకు నెలకు 1,900 అయ్యేది. డాక్టరుగారినే అడిగి, కంపెనీ పేరు బదులు మందు పేరు, మోతాదు రాయించుకున్నాం. ఆ చీటీతో, కంపెనీ పేరు లేని మందులు చవకగా అమ్మే ప్రభుత్వ పథకం దుకాణం, జన ఔషధి కేంద్రంలో కొంటే 600 లోపే వచ్చాయి. అత్తయ్యకు నమ్మకం కుదరలేదు, "ఇంత చవకగా ఇచ్చేది మందేనా అమ్మాయ్?" అని. రెండు నెలలయ్యాక రక్త పరీక్ష చేయించి రిపోర్టు చూపించాను. షుగరు అదుపులోనే ఉంది. డాక్టరుకు చెప్పకుండా మాత్రం మార్చొద్దు.

కరెంటు బిల్లు గురించి కాస్త ఓపిగ్గా చదవండి, ఇది నాకు ఇష్టమైన లెక్క. 2022 నుంచి అమలైన తెలంగాణ రేట్లలో, నెలకు 100 యూనిట్లు దాటి 200 లోపు అయితే, యూనిట్‌కు మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80. సరిగ్గా 200 కాలిస్తే మొత్తం 820 రూపాయలు, ఫిక్స్‌డ్ చార్జీల్లాంటివి వేరే. అదే 201 కాలిస్తే మొదటి 200 యూనిట్లకూ రేటు 5.10 అయిపోతుంది. ఆ పైన ఒక్కటీ 7.70. మొత్తం 1,027.70. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలు! (ఆంధ్రాలో మా తమ్ముడికి ఈ తంటా లేదు. అక్కడ శ్లాబు దాటినా, దాటిన యూనిట్లకే పెద్ద రేటు.) తెల్ల రేషన్ కార్డున్నవాళ్లకు 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద 200 దాకా ఉచితం కాబట్టి వాళ్లకు ఆ గీత ఇంకా ముఖ్యం. మాకా కార్డు లేదు.

అందుకని రీడింగ్ తీసిన ఇరవయ్యో రోజున నేనే మీటరు చూస్తాను. 133 దాటితే ఇంట్లో హెచ్చరిక జారీ అవుతుంది. మాకు 230 దాకా వచ్చేది. పాత ఫ్యాన్ 75 వాట్లు, బీఎల్‌డీసీ అనే తక్కువ కరెంటు తినే కొత్త రకం ఫ్యాన్ 28 వాట్లు. రోజుకు 12 గంటలు తిరిగితే ఒక్కో ఫ్యాన్‌కు నెలకు 17 యూనిట్లు తగ్గుతాయి. మూడు ఫ్యాన్లు ఒకేసారి కొనలేక, చీటీ పాడిన డబ్బుతో 2022 ఎండాకాలంలో ఒక్కొక్కటే మార్చాం. 230 కాస్తా 180కి దిగింది, బిల్లు 1,251 నుంచి 724కి. అద్దె ఇల్లే అయినా ఫ్యాన్లు మనవే, ఇల్లు మారితే విప్పుకుని పోవచ్చు.

వంటింట్లో కొత్తగా నేర్చుకున్నదేమీ లేదు, మా అమ్మ చేసిందే మళ్లీ చేస్తున్నాను. కొత్త చింతపండు వచ్చే ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఏడాదికి సరిపడా కొని, గింజ, ఈనె తీసి, కాస్త కల్లుప్పు కలిపి జాడీలో కుక్కుతాను. ఎండుమిరపకాయలు మా తమ్ముడు గుంటూరు నుంచి పంపుతాడు, కారం ఇక్కడే మరలో పట్టిస్తాను. కందిపప్పు ఎండలో పోసి డబ్బాకెత్తితే పురుగు పట్టదు. అన్నీ ఇలా టోకున కొనొద్దు. బిస్కెట్లు, చిప్స్ పెద్ద ప్యాకెట్ తెస్తే పెద్ద ప్యాకెట్టే రెండు రోజుల్లో ఖాళీ. బియ్యం కొట్లో 26 కిలోల బస్తాలు కనబడితే ఆశ్చర్యపోకండి. 2022 జూలైలో 25 కిలోల దాకా ఉన్న ప్యాకింగుకు 5 శాతం జీఎస్టీ వేశారు, ఒక్క కిలో ఎక్కువ పోసి వ్యాపారులు తప్పించుకున్నారు. బస్తా ధర కాకుండా కిలో ధర అడగండి.

కూరలకు ఆదివారం పొద్దున్నే రైతుబజారు. 1999 నుంచీ ఉన్నవే ఇవి, మేమే పదేళ్లు అటు పోలేదు. అక్కడ ధరల బోర్డు పెడతారు, ఫోటో తీసుకుంటే వారం మధ్యలో వీధి బండి దగ్గర బేరానికి పనికొస్తుంది. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు సిటీ బస్సు ఉచితమయ్యాక నేనూ, అమ్మాయీ రెండు సంచులతో బస్సులోనే వెళ్తున్నాం.

ఇన్ని చేసినా, ఇంట్లోవాళ్లకు అంకె చెప్పకపోతే ఏదీ నిలవదు. అప్పటికి అమ్మాయి ఇంటర్, అబ్బాయి ఎనిమిదో తరగతి. ఇద్దరినీ కూర్చోబెట్టి, ఎంత వస్తోందో, ఎంత పోతోందో నోట్‌బుక్ చూపించాం. "డబ్బుల్లేవు" అంటే పిల్లలు భయపడతారు. "30,000 వస్తోంది, 27,500తో నడపాలి" అంటే వాళ్లే లెక్క వేస్తారు. పుట్టినరోజుకు రిటర్న్ గిఫ్టులు వద్దని మావాడే అన్నాడు.

చుట్టాలకు చెప్పడం ఇంకా కష్టం. మా ఆడపడుచు కూతురి పెళ్లికి ఐదు వేలు చదివించాల్సిన వరస మాది. నేనే ముందుగా ఫోన్ చేసి, "వదినా, ఈసారి 1,116 చదివిస్తున్నాం, పనికి మాత్రం రెండు రోజుల ముందే వస్తాం" అన్నాను. ఆవిడ ఒక్క క్షణం ఆగి, "పాత ఇల్లు ఖాళీ చేశారని విన్నానులే, నువ్వొస్తే చాలు" అంది. ఏదైనా ముందే చెప్పేస్తే తేలిక, పెళ్లి పందిట్లో కవరు దాచుకుంటూ తిరిగితే టెన్షన్.

2022 జూన్‌లో నాకు పూర్తి జీతం మొదలైంది. అన్నీ ఒకేసారి వెనక్కి తెచ్చుకోకూడదని, ఒక్కొక్కరం ఒక్కటి అడగాలని రూలు పెట్టాం. అబ్బాయి ఇంటర్నెట్ స్పీడు పెంచమన్నాడు. అమ్మాయి నెలకోసారి సినిమా అంది. మా ఆయన కారు అంటారేమోనని భయపడ్డాను, పేపరు మళ్లీ వేయించమన్నారు. అత్తయ్య పాలు రెండు లీటర్లు చేయమంది. నేను ఇస్త్రీ అబ్బాయికి ఫోన్ చేశాను.