‘స్టాప్’ తర్వాత ‘టు’ పెట్టాలా, ‘ఇంగ్’ చేర్చాలా?
కర్నూలు, కడప ప్రాంతాల్లో పోటీ పరీక్షలకు సిద్ధమవుతున్న అభ్యర్థులు చాలామంది, ఇంగ్లిష్‌లో ఒక క్రియ వెనుక మరొక క్రియ వచ్చినప్పుడు ‘టు’ పెట్టాలా, ‘ఇంగ్’ చేర్చాలా అని తడబడుతుంటారు. ‘స్టాప్’ విషయంలో ఈ సందేహం తెలుగుతోనే తీరిపోతుంది. కర్నూలు నుంచి కడపకు వెళ్తూ ఆళ్లగడ్డలో టీ తాగడానికి ఆగితే ‘ఐ స్టాప్డ్ టు డ్రింక్ టీ’ అనాలి. వైద్యుడి సలహాతో టీ తాగడమే మానేస్తే ‘ఐ స్టాప్డ్ డ్రింకింగ్ టీ’ అనాలి. అంటే మన వాక్యంలో ‘తాగడానికి’ అని ఉన్నచోట ‘టు’, ‘తాగడం’ అని ఉన్నచోట ‘ఇంగ్’ వస్తాయి.

‘రిమెంబర్’కు మాత్రం ఈ కొలత సరిపోదు, అక్కడ పని జరిగిపోయిందా, ఇంకా జరగాలా అన్నది చూడాలి. తలుపుకు తాళం వేసినట్టు గుర్తుంటే ‘ఐ రిమెంబర్ లాకింగ్ ది డోర్’ అని, మరవకుండా వేయమని చెప్పాలంటే ‘రిమెంబర్ టు లాక్ ది డోర్’ అని అంటారు. ‘ఫర్‌గెట్’ కూడా ఇదే పద్ధతిలో నడుస్తుంది.

‘ఎంజాయ్’, ‘ఫినిష్’, ‘అవాయిడ్’ తర్వాత ‘ఇంగ్’ రూపం, ‘డిసైడ్’, ‘హోప్’ తర్వాత ‘టు’ రూపం వస్తాయి. వీటికి కారణాలు వెతకడం కంటే కంఠస్థం చేయడమే మేలని నా అభిప్రాయం.

ఉద్యోగ దరఖాస్తుల చివర ‘లుకింగ్ ఫార్వర్డ్ టు హియర్’ అని రాయడం తరచుగా కనిపిస్తుంది. అక్కడి ‘టు’ మన ‘కు’ లాంటి విభక్తి ప్రత్యయం వంటిది, దాని తర్వాత నామవాచకంలా పనిచేసే ‘ఇంగ్’ రూపం రావాలి కాబట్టి ‘హియరింగ్ ఫ్రమ్ యు’ అని రాయాలి.