గారపండ్లు అన్నీ ఒక్కటి కావు, ముందు ఏ మరకనో చూస్కోండి

మా నల్గొండ జిల్లా మర్రిగూడ దిక్కు నోట్ల పండ్లు పచ్చగున్నా, ఎర్రగున్నా, నల్లగున్నా "గారపండ్లు" అనే ఒక్క మాటనే, అందుకే అందరం ఒకే పని చేస్తం, గట్టిగ రుద్దుడు. నేను ఇంటర్ల ఉన్నప్పుడు ఇటుకపొడి, ఉప్పు, బొగ్గు అన్నీ పెట్టి రుద్దిన, నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకునేదాన్ని, మరక పోలే గని చల్లనీళ్లు తాగితే జివ్వుమనుడు మొదలైంది. పన్ను మీది గట్టి పైపొర, ఎనామిల్, అరిగితే మళ్ల రాదు, అది నాకు తర్వాత తెలిసింది.

అందుకే ముందు మంచి వెలుతురుల అద్దం పట్టుకొని చూడుండ్రి. ఛాయ, తంబాకు, గుట్కా, పాన్ మరకలు పండ్ల మీద ఉంటయి, ఎక్కువ పండ్ల సందులల్ల, లోపలి దిక్కు. చిగురు పక్కన గట్టిగ పేరుకున్నది గార. ఇవి డాక్టర్ దగ్గర క్లీనింగ్ చేయిస్తే పోతయి, క్లీనింగ్ చేస్తే పండ్లు వదులైతయని మా అత్తమ్మ ఇప్పటికీ అంటది గని అది నిజం కాదు, గార తీసినంక సందులు కనపడి అట్ల అనిపిస్తది అంతే.

ఇగ మన నల్గొండది వేరే కథ. పన్ను వచ్చిన్నుంచే సున్నం పూసినట్టు తెల్ల మచ్చలు, అడ్డం గీతలు, కుడి పన్ను మీద ఎట్లుంటే జోడీగ ఎడమ పన్ను మీద అట్లనే, ఏండ్లు గడిచినకొద్ది గోధుమరంగుకు తిరుగుతయి, బాగా ఎక్కువైతే గుంటలు పడ్తయి. ఇది ఫ్లోరోసిస్. పన్ను ఇంకా చిగురు లోపల తయారైతున్నప్పుడే, అంటే దాదాపు 8 ఏండ్ల లోపల, తాగిన నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎక్కువుండి పడ్డ మచ్చ, పైన ఎంత తోమినా పోదు. పెద్దయినంక ఫ్లోరైడ్ నీళ్లు తాగితే పండ్లకు కొత్త మచ్చలు రావు గని బొక్కలకు (ఎముకలకు) దెబ్బనే.

ఒక్క పన్నే బూడిద రంగుకు తిరిగిందా, ఎప్పుడన్న కిందపడ్డరా యాది చేసుకోండి, లోపల నరం చచ్చిపోయి ఉండొచ్చు. నల్ల మచ్చల గుంట ఉండి తీపి తగిలితే గుంజితే అది పుచ్చు. ఈ రెండిటికి ఆగొద్దు, డాక్టర్ దగ్గరికి పోవాలె.

పిల్లలున్న ఇంట్ల అన్నిటికన్న ముందు చూడాల్సింది నీళ్లే. లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ దాటొద్దు, వేరే దారి లేకుంటే 1.5 వరకు, ఇది మన దేశం పెట్టిన హద్దు. కాగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడ్తది. చాలామంది తాగనీకె సర్కారు ఇచ్చే మిషన్ భగీరథ నల్లా నీళ్లు పట్టి, అన్నం పప్పు మాత్రం బోరు నీళ్లతోని వండుతరు, అట్ల వండితే ఆ ఫ్లోరైడ్ అన్నంలకే పోతది కదా, వంటకు కూడా నల్లా నీళ్లే వాడుండ్రి. ఆర్‌వో ఫిల్టర్ ఫ్లోరైడ్ తగ్గిస్తది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టిన్రు, నల్గొండ టెక్నిక్ అని, కాకపోతే పటిక ఎంత వేయాల్నో నీళ్లను పరీక్ష చేసినంకనే చెప్తరు, ఇంట్ల అందాజగ వేయొద్దు. చిన్నపిల్లలకు ఛాయ మాన్పించుండ్రి, ఛాయపత్తల కూడా ఫ్లోరైడ్ ఉంటది. పేస్టు 3 ఏండ్ల లోపు బియ్యపుగింజంత, 6 ఏండ్ల దాక బఠాణీ గింజంత, మింగకుండ ఉమ్మిపియ్యాలె.

ఇప్పటికే మచ్చలుంటే భయపడకుండ్రి, దారులున్నయి. పైపై గోధుమ మచ్చలుంటే పైపొర కొద్దిగ అరగదీసే మైక్రోఅబ్రేషన్ చేస్తరు, కొందరికి దాని తర్వాత పండ్లను మందుతోని తెల్లగ చేసే బ్లీచింగ్. బ్లీచింగ్ చేసిన కొత్తల తెల్ల మచ్చలు ఇంకా కొట్టొచ్చినట్టు కనపడొచ్చు, ఆగమాగం కావొద్దు, మెల్లగ సర్దుకుంటది. గుంటలు పడ్డ పండ్లకు పన్ను రంగుల ఉండే కాంపోజిట్ ఫిల్లింగ్, మరీ ఎక్కువైతే పన్ను ముందర అతికించే పల్చటి పొరలు, వినీర్లు, లేకుంటే క్యాపులు. వినీర్లకు, క్యాపులకు మంచి పన్నును కోయాల్సి వస్తది కాబట్టి అవి అన్నిటికన్న చివరికి, ఎవరన్న మొదటి రోజే పదహారు క్యాపులు అంటే ఇంకో డాక్టర్‌కు చూపించుండ్రి. నార్కట్‌పల్లిల, మహబూబ్‌నగర్‌ల డెంటల్ కాలేజీలున్నయి, మామూలుగ కాలేజీ ఆసుపత్రిల బయటి క్లినిక్ కన్న ఖర్చు తక్కువైతది.

నాకు మైక్రోఅబ్రేషన్ తోని సగం, ముందర రెండు పండ్లకు కాంపోజిట్ తోని మిగిలింది పోయింది. జివ్వుమనుడు మాత్రం ఉంది, ఇప్పటికీ కుండ నీళ్లు ఒక్క దిక్కుతోనే తాగుత.