మిద్దె తోటలో ఆకుకూరలు వంతులవారీగా చల్లండి
అపార్ట్‌మెంట్ మిద్దె మీద నలుగురూ కలిసి ఆకుకూరలు పెంచుతుంటే, అందరూ ఒకే ఆదివారం విత్తనాలు చల్లకండి. మేం మొదట అలాగే చేశాం. తోటకూరంతా ఒకేసారి కోతకొచ్చి సగం ముదిరిపోయింది, ఆ తర్వాత మూడు వారాలు కోసుకోవడానికి ఏమీ లేదు. ఇప్పుడు వారానికి ఒక ఇంటివాళ్లే చల్లుతున్నాం. తోటకూర, మెంతికూర దాదాపు నెలలో చేతికొస్తాయి కాబట్టి నాలుగిళ్లుంటే వంతు సరిపోతుంది.

తోటకూర గింజలు మరీ సన్నవి. గుప్పెడు పొడి ఇసుకలో కలిపి చల్లితే గుంపుగా పడవు. పైపుతో నీళ్లు కొట్టొద్దు, చేత్తో చిలకరించండి. చీమలు గింజలు ఎత్తుకుపోతుంటే తొట్టి చుట్టూ కాస్త బియ్యపు నూక వేయండి, అవి దాని మీద పడతాయి. పాలకూరను మాత్రం పీకకుండా మొదలుకు రెండంగుళాల పైన కోయండి, మళ్లీ చిగురిస్తుంది.