పాత గని జాడ పట్టాలంటే ముందు ఉత్తర దిక్కు సరిచూసుకోండి

పాత సర్వే కాగితంలో ‘చర్చి గోపురం నుంచి ఉత్తరంగా 50 గొలుసులు’ అని కనిపించగానే ఇప్పటి మ్యాప్ మీద స్కేలు పెట్టి గీత గీసేయకండి. ఆ ఉత్తరం చాలాసార్లు దిక్సూచి చూపించినది, అదేమో ఏళ్లు గడిచేకొద్దీ పక్కకు జరుగుతూ ఉంటుంది. లండన్‌లో 1820 ప్రాంతంలో ముల్లు అసలు ఉత్తరానికి దాదాపు 24 డిగ్రీలు పడమరగా ఉండేది, ఇప్పుడు తేడా దాదాపు సున్నా. అంత తేడా ఉంటే కిలోమీటరు దూరంలో మీరు 400 మీటర్లకు పైగా పక్కన వెతుకుతున్నట్టే. రికార్డు ఏ ఏడాదిదో చూసి, ఆనాటి తేడా ఎంతో ఆన్‌లైన్ కాలిక్యులేటర్‌లో తెలుసుకుని గీత తిప్పండి.

గొలుసంటే సాధారణంగా 66 అడుగులు, అంటే 20.12 మీటర్లు. కానీ దేశాన్నిబట్టి కొలతలు మారతాయి. ఫ్రెంచ్ మ్యాపుల్లో రేఖాంశాలు పారిస్ నుంచి లెక్కపెట్టి ఉండొచ్చు, గ్రీనిచ్‌కి రావాలంటే 2 డిగ్రీల 20 నిమిషాలు సర్దాలి.

గని పేరు కోసం మరీ పట్టుబట్టకండి. చేతులు మారినప్పుడల్లా పేరూ మారేది. కౌలు పత్రాల్లో హద్దులుగా రాసిన వాగు, పొలంగట్టు ఎక్కువ నమ్మకం.

చోటు తేలాక లైడార్ చిత్రం (పైనుంచి లేజర్ కాంతితో నేల ఎత్తుపల్లాలు కొలిచి తయారుచేసేది) దొరికితే చూడండి. చెట్ల కింద దాగిన గుంటలు, వాటి చుట్టూ పోసిన రాళ్లగుట్టలు అందులో తెలిసిపోతాయి. అక్కడికి వెళ్తే గుంట అంచుకు మాత్రం పోవద్దు. పైన కప్పిన దుంగలు ఎప్పుడో పుచ్చిపోయి ఉంటాయి.