పన్ను తీయడం నేర్చుకుందాం – 4: తిమ్మిరి ఎక్కిందా, లేదా?

ఈసారి ఎలివేటర్ (పన్నును వదులు చేసే పనిముట్టు) గురించి చెబుతానన్నాను. చెబుతాను, కానీ చివర్లో. కిందటి పాఠంలోని కింది దవడ బ్లాక్ (నరం దగ్గర మందు వేసి ఆ వైపు పళ్లు, పెదవి తిమ్మిరెక్కించే ఇంజెక్షన్) చదివి, ఓరల్ సర్జరీ పోస్టింగ్‌లో చేసి చూసిన ఇంటర్న్‌లలో చాలామంది ఒకే మాట రాశారు: "ఇంజెక్షన్ బాగానే పడింది సార్. తిమ్మిరెక్కిందని పేషెంటే చెప్పారు. ఫోర్సెప్స్ (పన్ను పట్టే పటకారు) పెట్టగానే అరిచారు."

ఇంజెక్షన్ బాగా పడలేదు. పేషెంట్ తిమ్మిరెక్కిందని చెప్పనూ లేదు, మీరు అడిగినదానికి తల ఊపారంతే.

మనం అడిగే తీరే అలా ఉంటుంది. ఫోర్సెప్స్ చేతిలో పట్టుకుని, మీద నిలబడి "తిమ్మిరెక్కిందా అమ్మా?" అంటాం. పంటి నొప్పితో రాత్రంతా నిద్రపోని మనిషి అవుననే అంటుంది. అవునంటే పని తొందరగా అయిపోతుందని ఆశ, లేదంటే ఇంకో సూది పొడుస్తారని భయం. పెద్దవాళ్లయితే డాక్టరు మాటకు ఎదురుచెప్పడం మర్యాద కాదనుకుంటారు. ఆ "ఆఁ" నమ్ముకుని పన్ను పట్టుకోవడం నాకు ఒళ్లు మండే అలవాటు. పీజీలు కూడా చేస్తారు.

జవాబు మీరే అందించకుండా అడగండి. "పెదవి ఇటువైపు ఎలా ఉంది, అటువైపు ఎలా ఉంది?" అంటే చాలు. "ఇటు లావెక్కినట్టుంది, బండబారిపోయింది" అని వాళ్ల మాటల్లోనే రావాలి. "కొంచెం చురుక్కుమంటోంది" అంటే ఇంకా ఆగాలి. మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగడానికి ఓపిక లేకపోతే ఈ పనికి రావద్దు.

మాటతో ఆగకండి, ప్రోబ్ (సన్నటి లోహపు పుల్ల) తీసుకోండి. పన్ను చుట్టూ చిగురు లోపలికి దింపి బుగ్గవైపు, నాలుకవైపు గట్టిగా నొక్కండి. నొక్కేటప్పుడు నోరు కాదు, కళ్లు చూడండి. కనుబొమలు ముడిపడ్డా, కాలి వేళ్లు ముడుచుకున్నా అది నొప్పే. ఒత్తిడి తెలుస్తుందనీ నొప్పి తెలియకూడదనీ ముందే చెప్పి ఉంచండి. లేకపోతే ఒత్తిడికే బెదిరి చెయ్యి పట్టుకుంటారు.

ఇప్పుడు మీరు రాసిన కేసులు. నాలుక మొద్దుబారింది, పెదవి మామూలుగా ఉంది: ఎక్కువమందికి జరిగింది ఇదే. మందు కిందికి పడింది. లింగువల్ నరం (నాలుకకు పోయే నరం) దారిలోనే ఉంటుంది కాబట్టి నాలుక తేలిగ్గా మొద్దుబారుతుంది, దాన్ని చూసి మురిసిపోకండి. మళ్లీ ఇవ్వండి, ఈసారి 5 నుంచి 10 మి.మీ. పైన. పెదవి మధ్యగీత దాకా బండబారింది గానీ ఫోర్సెప్స్ కొన బుగ్గవైపు చిగురుకు తగలగానే ఎగిరిపడ్డారు: లాంగ్ బక్కల్ (బుగ్గవైపు చిగురుకు విడిగా ఇచ్చే ఇంజెక్షన్) ఇవ్వడం మరిచిపోయారు. అన్నీ మొద్దుబారినా పన్ను కదిలిస్తే నొప్పి: లోపల పల్ప్ (పంటి లోపల నరం ఉండే మెత్తటి భాగం) రగులుతోంది, లిగమెంట్‌లోకి (పంటిని ఎముకకు పట్టి ఉంచే పొరలోకి) కాస్త మందు ఎక్కించండి. సూది సగం కూడా దిగకుండానే ఎముక తగిలింది: మొన ముందుకు ఉంది. కొంచెం వెనక్కి లాగి, సిరంజిని అవతలి కోరపన్ను వైపు తిప్పి మళ్లీ దింపండి.

రెండోసారి ఇచ్చేముందు లెక్క చూసుకోండి. మన దగ్గర ఎక్కువగా దొరికే 2 శాతం లిగ్నోకెయిన్ (తిమ్మిరెక్కించేది), 1:80,000 అడ్రినలిన్ (రక్తనాళాలను బిగించి మందును అక్కడే నిలిపేది) మందులో ఒక మి.లీ.కి 20 మి.గ్రా. లిగ్నోకెయిన్, 0.0125 మి.గ్రా. అడ్రినలిన్ ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న 60 కిలోల మనిషికి కిలోకు 7 మి.గ్రా. చొప్పున 420 మి.గ్రా. దాకా ఇవ్వవచ్చు కాబట్టి రెండో బ్లాక్‌కి టెన్షన్ అక్కర్లేదు. గుండెజబ్బు ఉన్నవారికి మాత్రం అడ్రినలిన్ 0.04 మి.గ్రా. దాటకూడదంటారు. అంటే మూడు మి.లీ. చిల్లర, అంతే. మొదటి బ్లాక్‌లోనే రెండు మి.లీ. పోసేస్తే ఇంకేం మిగిలింది? రేపు సొంత క్లినిక్‌లో పక్క గదిలోంచి పిలవడానికి పీజీ ఉండరు, ఈ లెక్క ఇప్పుడే నోటికి రావాలి.

ఇక ఎలివేటర్. కుర్చీ ఎత్తు, నిలబడే చోటు, గాజుగుడ్డ కరిపించడం మీకు తెలిసినవే, వదిలేస్తున్నాను. ఎలివేటర్ రకాల్లో కొత్తవాళ్లకు నేను కూప్లాండ్ ఇస్తాను, క్రయర్ ఇవ్వను. క్రయర్ మొన ఎముకను సులువుగా విరగ్గొడుతుంది. పిడి అరచేతిలో ఇమడాలి, చూపుడువేలు కాడ వెంట మొనకు దగ్గరగా ఉండాలి. జారినా ఆ వేలు ఆపుతుంది. గుంటగా ఉన్న వైపు తీసే పన్నుకు ఆనాలి. పంటికీ ఎముకకూ మధ్య దింపి కొద్దిగా తిప్పి, పట్టి ఉంచండి. ఆనిక ఎముక మీదే, పక్క పన్ను మీద కాదు. తీయాల్సిన పన్నుతో పాటు పక్కది కూడా కదిలితే మీరు దేనిమీద ఆనించారో తెలిసిపోతుంది. పన్ను వదులైందని కంటికి కనబడ్డాకే ఫోర్సెప్స్. కింది మొదటి దవడపన్నును ఎప్పుడూ గుంజకండి, పాతిన గుంజను ఊపి వదులు చేసినట్టు బుగ్గవైపు నెమ్మదిగా ఒరిగించి, ఆపి, మళ్లీ ఒరిగించండి.

అభ్యాసం: ఈ వారం మీరు పన్ను తీయొద్దు. పీజీ పక్కన నిలబడి ఇరవై బ్లాక్‌లు చూడండి. ఒక్కోదానికి మూడో నిమిషంలో, ఐదో నిమిషంలో పెదవి, నాలుక, బుగ్గవైపు చిగురు ఎలా ఉన్నాయో రాయండి. మందు ఎక్కడ పడిందో పీజీని అడగకముందే మీ ఊహ పక్కన రాసిపెట్టండి. ఎలివేటర్ కోసం మటన్ కొట్టులో మేక దవడ అడిగి తెచ్చుకోండి. దాని పళ్లు మన పళ్లలా ఉండవు గానీ, చెయ్యి జారితే మొన ఎటు పోతుందో తెలుస్తుంది.