హైదరాబాదు నుంచి మారుమూల తీరగ్రామానికి మకాం మార్చదలచినవారికి

హైదరాబాదులో స్థిరపడిన కోస్తా కుటుంబాలలో, ముఖ్యంగా కూకట్‌పల్లి, నిజాంపేట, మియాపూర్ వైపు, సముద్రపు ఒడ్డున ఉన్న తాతల ఊరికి తిరిగి వెళ్లి బతకవచ్చునా అన్న ప్రశ్న తరచుగా వినబడుతుంది. కొందరికి అక్కడ పాత ఇల్లు, కొద్దిపాటి కొబ్బరితోట మిగిలి ఉంటాయి. మరికొందరికి ఏ బంధుత్వమూ లేకపోయినా సంక్రాంతి సెలవులలో చూసివచ్చిన తీరం మీద మనసు పడుతుంది. ఊరిని ఏ కాలంలో, ఏ విధంగా పరీక్షించాలో, అక్కడ ఆదాయం ఏ దారిన వస్తుందో, బయలుదేరేముందు హైదరాబాదులోనే ఏ పనులు పూర్తిచేసుకోవచ్చునో ఈ ఇద్దరికీ ఉపయోగపడేటట్టు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. విశాఖపట్నం వంటి నగర తీరాల ప్రసక్తి ఇక్కడ లేదు. బస్సు రోజుకు రెండు మూడుసార్లు మాత్రమే వచ్చే ఊళ్లు, కృష్ణా జిల్లా నాగాయలంక మండలంలోని ఎదురుమొండి దీవుల మాదిరిగా నది పాయ దాటడానికి ఏళ్ల తరబడి పంటు మీద ఆధారపడిన ఊళ్లు, ఇవే మన విషయం.

ఊరిని చూడవలసిన కాలం

జనవరి, ఫిబ్రవరి నెలలలో ఏ తీరగ్రామమైనా బాగానే కనబడుతుంది. గాలి చల్లగా ఉంటుంది, సముద్రం నెమ్మదిగా ఉంటుంది, పడవలు నిండుగా వస్తాయి. ఆ నెలలలో చూసి నిర్ణయం తీసుకున్నవారు ఊరిలో సగమే చూసినట్టు. మిగిలిన సగం రెండు కాలాలలో బయటపడుతుంది: ఒకటి వేట నిషేధకాలం, రెండవది తుఫానుల కాలం. ఈ రెండింటిలోనూ కనీసం కొన్ని రోజులు అక్కడే ఉండి చూడనిదే అడ్వాన్సు ఇవ్వకూడదని నా గట్టి అభిప్రాయం.

తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని మోటారు పడవల వేటను నిషేధిస్తారు. మోటారు లేని సంప్రదాయ పడవలకు మినహాయింపు ఉంది. ఈ కాలానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అర్హులైన మత్స్యకారులకు భృతి ఇస్తుంది, 2025లో ఆ మొత్తాన్ని 20,000 రూపాయలకు పెంచింది. రెండు నెలల కుటుంబ ఖర్చుకు అది చాలదని వేరే చెప్పనక్కరలేదు. అందువల్ల మే నెలలో ఊరికి వెళ్లి, ఎన్ని ఇళ్లకు తాళాలు వేసి ఉన్నాయో, కిరాణా కొట్టులో అరువు ఎలా నడుస్తున్నదో, యువకులు ఏ పనికి ఎక్కడికి వెళ్లారో గమనించండి. వలస పోవడం నిషేధకాలంతోనే ఆగదు. శ్రీకాకుళం తీరం నుంచి నెలల తరబడి గుజరాత్ పడవల మీద పనికి వెళ్లేవారు చాలామంది ఉన్నారు. అలా వెళ్లి పాకిస్తాన్ జలాలలో పట్టుబడిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2020 జనవరిలో విడుదలై ఇంటికి చేరారు. సముద్రం ఎదుటనే ఉండగా అంత దూరం పోవలసి వచ్చిందంటే, ఆ ఊరికి లేనిది చేపలు కాదు, జెట్టీయో, ఐసు ఫ్యాక్టరీయో, ధర ఇచ్చే కొనుగోలుదారో అయి ఉంటుంది. మీరు చేయదలచిన పని ఏదైనా ఈ లోటును గుర్తించడంతోనే మొదలుకావాలి.

తుఫానుల కాలం ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉంటుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన, 1996 నవంబరులో కోనసీమను దెబ్బతీసిన తుఫాను, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం పరిసరాలలో తీరం దాటిన మోంథా, వీటిలో మీ ఊరికి ఏది తగిలిందో అక్కడి పెద్దలను అడగండి. ‘తుఫాను వచ్చిందా’ అని కాక, ‘నీళ్లు ఏ గోడ దాకా వచ్చాయి’ అని అడిగితే కచ్చితమైన సమాధానం వస్తుంది. తుఫాను షెల్టరు ఎంత దూరంలో ఉన్నదో, అక్కడికి వెళ్లే రోడ్డు వానకే మునిగిపోతుందో లేదో నడిచి చూడండి. గాలికి కరెంటు స్తంభాలు పడిపోతే మరుసటి రోజుకే సరఫరా వస్తుందని ఆశించవద్దు.

దీనికంటే నెమ్మదిగా వచ్చే నష్టం తీరపు కోత. కాకినాడ దగ్గరి ఉప్పాడలో సముద్రం ఇళ్లను, రోడ్డును కోసుకుపోతున్న సంగతి ఏళ్లుగా చూస్తున్నదే; రక్షణగోడ కట్టినా సమస్య తీరలేదు. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలను వరుసగా చూసే సౌకర్యం ఉంది. మీరు చూస్తున్న స్థలానికి, అలల గీతకు మధ్య దూరం పది పదిహేనేళ్లలో ఎంత తగ్గిందో హైదరాబాదులో కూర్చునే కొలుచుకోవచ్చు. తగ్గుతున్నదని తేలితే ఆ స్థలాన్ని వదులుకోండి, ధర ఎంత చవకైనా సరే.

నీరు

ఇంటికన్నా ముందు నీటిని చూడాలి. తీరప్రాంతపు ఇసుక నేలలలో వాననీరు ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద తేలియాడే పలుచని మంచినీటి పొరగా నిలుస్తుంది. ఆ పొర సముద్రమట్టానికి ఒక అడుగు పైకి నిలిచిన చోట, దాని కింద సుమారు 40 అడుగుల లోతు దాకా మంచినీరు ఉండవచ్చునని భూగర్భజల శాస్త్రంలో ఒక లెక్క ఉంది. అంటే, అతిగా తోడి ఆ మట్టాన్ని అర అడుగు దించితే, కిందినుంచి ఉప్పునీరు ఇరవై అడుగులు పైకి వస్తుంది. హైదరాబాదులో నీరు పడకపోతే ఇంకా లోతుకు బోరు వేయిస్తాము. ఇక్కడ ఆ అలవాటే కొంప ముంచుతుంది. లోతు తక్కువైన నుయ్యి, చిన్న మోటారు, రోజుకు కొద్దికొద్దిగా తోడుకోవడం, డాబా మీద పడిన వాననీటిని తొట్టిలోకి మళ్లించుకోవడం, ఇవి ఇక్కడికి తగిన పద్ధతులు.

నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు కొద్ది వందల రూపాయలకే దొరుకుతుంది. దానిని వెంట తీసుకువెళ్లి, మీ స్థలంలో నుయ్యి లేకపోతే ఇరుగుపొరుగు నూతులలోనైనా కొలవండి, మే నెలలోనూ కొలవండి. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఈ లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకుండా ఉంటే మేలు. వేరే దిక్కు లేనప్పుడు 2000 దాకా అనుమతిస్తారు. అంతకు మించితే తాగడానికే కాదు, కూరగాయల పాదులకు కూడా ఆ నీరు పనికిరాదు. చుట్టుపక్కల రొయ్యల చెరువులు ఉంటే మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే వాటి ఉప్పునీరు నేలలోకి ఇంకి, ఈ ఏడాది తియ్యగా ఉన్న నుయ్యి నాలుగేళ్లకు ఉప్పగా మారవచ్చు.

భూమి కాగితాలు

సముద్రతీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నిబంధనలు పోటు నీటి గీత నుంచి 500 మీటర్ల వరకు వర్తిస్తాయి. 2011 నిబంధనల ప్రకారం గ్రామీణ తీరంలో మొదటి 200 మీటర్లలో కొత్త నిర్మాణానికి వీలు లేదు. 2019 నోటిఫికేషన్ దీనిని చదరపు కిలోమీటరుకు 2161 మందికి మించి జనసాంద్రత ఉన్న గ్రామాలకు 50 మీటర్లకు తగ్గించింది. తక్కిన గ్రామాలకు 200 మీటర్లుగానే ఉంచింది. మారుమూల ఊళ్లు చాలావరకు ఈ రెండవ కోవలోకే వస్తాయి. సముద్రానికే కాదు, పోటు నీరు ఎక్కే కాలువలకూ పాయలకూ కూడా ఈ నిబంధనలు ఉన్నాయి. ‘బీచ్ ఫేసింగ్ ప్లాటు’ అని ఎవరైనా చూపితే, అక్కడ ఇల్లు కట్టే హక్కు ఉన్నదా అన్నదే మొదటి ప్రశ్న కావాలి.

రెండవ చిక్కు డి-పట్టా భూములది. భూమిలేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన ఈ భూముల బదిలీపై 1977 నాటి చట్టం ఆంక్షలు పెట్టింది. తరువాతి సవరణల వల్ల ఏ భూమికి ఏ వెసులుబాటు వచ్చిందో సర్వే నంబరు వారీగా తెలుసుకోవాలి. మీభూమి పోర్టల్‌లో అడంగల్ (సాగు వివరాలు), 1-బి (యాజమాన్య వివరాలు) చూసుకోవడం, నిషేధిత భూముల 22-ఎ జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో విచారించడం, ఆ భూమిపై జరిగిన లావాదేవీలను, తాకట్లను చూపే ఈసీ తీయించడం, ఈ మూడూ జరగనిదే బయానా ఇవ్వకండి.

ఆదాయం

నగరం నుంచి వెళ్లేవారికి తోచే మొదటి ఆలోచన పడవ కొనడం, రెండవది రొయ్యల చెరువు తవ్వడం. రెండింటినీ ప్రస్తుతానికి పక్కన పెట్టమంటాను. పడవ నడిపేది సరంగు, కలాసీల అనుభవమే గాని పెట్టుబడి కాదు. ఒడ్డున కూర్చున్న యజమానికి డీజిలు లెక్క తప్ప సముద్రం లెక్క తెలియదు. రొయ్యల విషయానికి వస్తే, 2009లో వనామీ రకానికి అనుమతి వచ్చిన తరువాత కోస్తాలో చెరువులు విపరీతంగా పెరిగాయి. తెల్లమచ్చ వ్యాధి సోకితే పంట రోజుల వ్యవధిలో పోతుంది. ధర మన చేతిలో ఉండదు. 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు ఆ దెబ్బ గోదావరి, కృష్ణా జిల్లాల చెరువు గట్ల దాకా తగిలింది. 2005 చట్టం ప్రకారం నమోదు లేని తీరప్రాంత చెరువును లీజుకు తీసుకోవడం మరీ ప్రమాదం.

అవకాశం ఉన్నది ఒడ్డుకు, వినియోగదారుడికి మధ్య. పడవ దిగిన చేప ధరను చాలాచోట్ల వేలం పాటలో నిర్ణయిస్తారు. అయితే వలలకూ ఇంజనుకూ ముందుగా అప్పు ఇచ్చిన వ్యాపారికే చేపను ఇవ్వాలన్న కట్టుబాటు కూడా ఉంటుంది. కాబట్టి ‘నేను ఎక్కువ ధర ఇస్తాను’ అని వెళ్లినంత మాత్రాన మీకు సరుకు దొరకదు. ఊళ్లో ఎవరికి ఎవరితో బాకీ ఉన్నదో తెలుసుకోవడానికే కొన్ని నెలలు పడుతుంది. ఈలోగా ఐసు సంగతి చూడండి. మన వాతావరణంలో కిలో చేపకు కిలో ఐసు అన్నది కనీస లెక్క. ఐసు ఆలస్యమైతే సూర, కానాగంతల వంటి చేపలలో హానికరమైన పదార్థం తయారవుతుంది, తరువాత ఎంత చల్లబరిచినా, వండినా అది పోదు. మంచి ఐసు పెట్టెలు, శుభ్రమైన నీటితో చేసిన ఐసు, తెల్లవారేసరికి రహదారి చేరే బండి, ఈ మూడూ ఉంటే ఊరిలో పట్టిన చేపకే విలువ పెరుగుతుంది. పుణె నుంచి హైదరాబాదు మీదుగా మచిలీపట్నం వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి, కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా తీరం వెంట సాగే 216వ నంబరు రహదారి ఈ వ్యాపారానికి ప్రాణాధారాలు.

హైదరాబాదులో గిరాకీ స్వభావం తెలిసి ఉండటం మీకు ఊరివారికి లేని లాభం. మృగశిర కార్తె మొదలయ్యే జూన్ 7, 8 తేదీలలో నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప మందు కోసం జనం బారులు తీరుతారు, ముషీరాబాద్ చేపల మార్కెట్టులో అడుగు పెట్టడానికి చోటుండదు. విచిత్రమేమంటే నగరమంతా చేప తినాలనుకునే ఆ రోజున మన తీరంలో మోటారు పడవల వేట నిషేధంలో ఉంటుంది. ఆ రోజు గిరాకీని తీర్చేది ఎక్కువగా చెరువు చేపే. మార్చిలో పట్టి, ఇసుక మీద కాక పందిళ్ల మీద, వల తెరల కింద శుభ్రంగా ఎండబెట్టిన నెత్తళ్లు, వంజరం ముక్కలు ఆ నిషేధకాలంలో అమ్ముకోవడానికి మిగులుతాయి. నేల మీద ఎండబెట్టిన ఎండుచేపకు, పందిరి మీద ఎండిన దానికి నగరంలో వచ్చే ధర వేరు. ఎండబెట్టడం, అమ్మడం ఊళ్లో తరతరాలుగా ఆడవారి చేతిలోని పని. వారికి పోటీగా కొట్టు పెట్టడం అన్యాయమే కాదు, తెలివితక్కువ కూడా. వారి సంఘంతో వాటా కుదుర్చుకుని సరుకును నగరానికి చేర్చే బాధ్యత మాత్రమే మీరు తీసుకోండి. ఏది మొదలుపెట్టినా పంచాయతీ సర్పంచితో పాటు కులపెద్దలతోనూ ముందుగా మాట్లాడాలి, ఎందుకంటే రేవు మీద చెల్లుబాటయ్యేది చాలాసార్లు వారి మాటే.

ఇంటినుంచి కంప్యూటరు పని చేసుకునేవారు ఒకే నెట్‌వర్కును నమ్ముకోకుండా రెండు కంపెనీల సిమ్ములను, ఇన్వర్టరును సిద్ధం చేసుకుంటే చాలు.

బయలుదేరేముందు హైదరాబాదులో

సముద్రం లేని ఈ నగరంలోనే సముద్రానికి సంబంధించిన ముఖ్య సంస్థలు ఉన్నాయి. ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం), ఉపగ్రహాలు పంపే సముద్రపు ఉష్ణోగ్రత, నాచు వివరాలను బట్టి చేపలు ఎక్కడ దొరకవచ్చునో సూచనలు ఇస్తుంది, 2007 నుంచి సునామీ హెచ్చరికల కేంద్రాన్ని కూడా నడుపుతోంది. ఆ సమాచారం తెలుగులో ఫోనుకు వచ్చే ఏర్పాటు చేసుకోండి. రాజేంద్రనగర్ వైపు పీవీ ఎక్స్‌ప్రెస్‌వే పక్కన చేప ఆకారంలో కనిపించే భవనం జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డుది. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఐసు పెట్టె ఉన్న మోటారుసైకిలు, ఇన్సులేటెడ్ బండి వంటివాటికి సాధారణ వర్గానికి 40 శాతం, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం సహాయాన్ని నిర్దేశించారు. ఇప్పుడు ఏ భాగం అమలులో ఉందో అక్కడ విచారించి, దరఖాస్తు జిల్లా మత్స్యశాఖలో పెట్టాలి. అదే ప్రాంతంలోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఆవరణలో ఉన్న గ్రామీణ సాంకేతిక పార్కులో తక్కువ ఖర్చు ఇళ్ల నమూనాలు చూడవచ్చు. ఇల్లు కట్టే సమయం వచ్చినప్పుడు సముద్రపు ఇసుకను కాంక్రీటులో కలపనివ్వకండి. అందులోని ఉప్పు ఇనుప చువ్వలను తినేస్తుంది.

పిల్లలు హైస్కూలు వయసులో ఉంటే, ఇంట్లో తరచుగా ఆసుపత్రి అవసరమయ్యే పెద్దవారు ఉంటే, కుటుంబాన్నంతటినీ ఒకేసారి తరలించవద్దు. హైదరాబాదు ఇంటిని అమ్మకుండా అద్దెకు ఇవ్వండి, ఊళ్లోనూ మొదటి సంవత్సరం అద్దె ఇంట్లోనే ఉండండి. మకాం మార్చడానికి జూన్ రెండవ పక్షం అనువైనది: అప్పటికి పడవలు వేటకు దిగుతాయి, బడులు తెరుస్తారు, అద్దె ఇల్లు వానలో కారుతుందో లేదో కూడా త్వరలోనే తెలుస్తుంది. అక్టోబరులో మొదటి తుఫాను హెచ్చరిక వచ్చేనాటికి మీ పొరుగువారు మిమ్మల్ని కూడా షెల్టరుకు పిలిచేంత పరిచయం ఏర్పడి ఉంటే, ఆ తరువాత స్థలం కొనే విషయం ఆలోచించవచ్చు.